15వ లెవెల్ గేమ్‌లో ఫైటర్ ఆడేవాడికి పని లేకుండా పోతోంది, ఏం చెయ్యాలి?

కొండపల్లి_డీఎం

నాలుగేళ్ళ నుంచి డీఎంగా, అంటే కథ నడిపేవాడిగా, ఒకటే క్యాంపెయిన్ (సాగే కథ) నడుపుతున్నా, డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి ఆడే కథల గేమ్) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, ప్రతి ఆదివారం రాత్రి ఆన్‌లైన్లో. ఒకటో లెవెల్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 15కి వచ్చాం. విజార్డ్ (మంత్రాలు వేసేది), క్లెరిక్ (దేవుడి మంత్రాలు వేసేది), బార్డ్, రోగ్, ఫైటర్ (కత్తి పట్టే యోధుడు), మొత్తం ఐదుగురు. ఫైటర్ (బ్యాటిల్ మాస్టర్ రకం) ఆడేది నా ఇంజనీరింగ్ రూమ్మేటు. అందరికంటే ముందు లాగిన్ అయ్యేది వాడే, గేమ్ నోట్స్ రాసేదీ వాడే.

మూడో లెవెల్లో ఉన్నప్పుడు వాడి క్యారెక్టర్ అన్నని ఒక డెత్ నైట్ (చచ్చి లేచిన యోధుడు) చంపేశాడు. అప్పట్నుంచి వాడి వెతుకులాటంతా ఆ డెత్ నైట్ కోసమే. మొన్న ఆదివారం చివరికి ఎదురుపడ్డారు. నేను రెండు వారాలు కూర్చుని ఆ ఫైట్ తయారుచేశా. ఇనిషియేటివ్‌లో (ఎవరు ముందు ఆడాలో తేల్చే పాచిక) విజార్డ్‌కి 22 వచ్చింది, మొదటి టర్న్‌లోనే ఫోర్స్‌కేజ్ వేసేసింది. పదడుగుల పెట్టె. సేవ్ (తప్పించుకునే పాచిక) లేదు, కాన్సంట్రేషన్ (వేసినవాళ్ళు ఆ మంత్రం మీదే ధ్యాస ఉంచడం) లేదు, గంటసేపు ఉంటుంది, మంత్రాలు చెరిపే డిస్పెల్ మ్యాజిక్‌కి పోదు. డెత్ నైట్‌కి టెలిపోర్ట్ లేదు. మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉంది కానీ అసలు సేవే లేనప్పుడు అదేం చేస్తుంది. అయిపోయింది.

ఆ గోడ కంటికి కనపడదు కదా. మావాడు వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు. అటు వాడు, ఇటు వీడు, మధ్య రెండడుగులు కూడా లేదు. "కొడతా" అన్నాడు. వద్దురా అనలేకపోయా. మూడు అటాక్‌లూ వేశాడు, 19, 24, 27. "గోడకి తగిలింది, గీత కూడా పడలేదు" అని నేనే నా నోటితో చెప్పాల్సొచ్చింది. మైక్‌లో ఎవరూ మాట్లాడలేదు. మిగతా నలుగురూ అస్థిపంజరాల పని ముగించి, కావాల్సిన కిరీటం తీసుకున్నారు, విజార్డ్ ఎనిమిదో లెవెల్ స్లాట్‌తో (స్లాట్ అంటే రోజుకింతని ఉండే మంత్రాల కోటా) టెలిపోర్ట్ వేసి అందర్నీ ఇంటికి తెచ్చేసింది.

తర్వాత వాడు మెసేజ్ పెట్టాడు. "వచ్చేవారం నేను రాకపోయినా పర్లేదు కదరా, నా షీట్ ఎవరైనా ఆడొచ్చు, కొడతా అనడమేగా."

విజార్డ్ ఆడేవాళ్ళ తప్పేం లేదు, ఆవిడ చాలా తెలివిగా ఆడింది. ఆవిణ్ణి కిందకి లాగకుండా వీణ్ణి పైకి లేపడం ఎలా? మీ టేబుల్స్‌లో ఏం చేశారో చెప్పండి.

లెక్కలపంతులు

ముందు లెక్క చూద్దాం. గ్రేట్‌స్వోర్డ్ 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు), స్ట్రెంత్ +5, సగటున దెబ్బకి 12. 15వ లెవెల్లో మూడు దెబ్బలు, అన్నీ తగిలితే 36. యాక్షన్ సర్జ్ (అదే టర్న్‌లో ఇంకోసారి కొట్టే అవకాశం) వాడితే 72. బ్యాటిల్ మాస్టర్ అంటున్నారు కాబట్టి ఆరు సుపీరియారిటీ డైస్ (ప్రత్యేక ఎత్తులకి వాడే అదనపు పాచికలు), ఒక్కోటి డీ10, అవి వేరే. మీ విజార్డ్ డిసింటిగ్రేట్ 10డీ6+40, సగటు 75, కానీ ఎదుటివాడు డెక్స్ (చురుకుదనం) సేవ్ చేస్తే సున్నా, పైగా ఆ లెవెల్‌కి ఆరో లెవెల్ స్లాట్ ఒక్కటే ఉంటుంది. ఫైటర్ రోజంతా కొడుతూనే ఉంటాడు. డ్యామేజ్‌లో ఫైటర్‌కి లోటేం లేదు.

గోదారి_గోబ్లిన్

పంతులుగారూ ఆయన డ్యామేజ్ గురించి అడగలేదండీ, గోడ గురించి అడిగారు. 72 కాదు 720 వచ్చినా ఆ గోడకేం కాదు.

బెజవాడ_బార్డ్

రోజుకి ఎన్ని ఫైట్లు పెడుతున్నావ్ భయ్యా? డీఎం గైడ్‌లో ఆరు నుంచి ఎనిమిది అని ఉంటుంది, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు. గేమ్ లెక్కంతా దాని మీదే కట్టారు. నువ్వు రోజుకి ఒక్క పెద్ద ఫైట్ పెడితే విజార్డ్ ఉన్నదంతా అందులోనే గుమ్మరిస్తాడు. ఏడో లెవెల్ స్లాట్ పొద్దున్నే ఖర్చయిపోయి ఉంటే ఆ ఫోర్స్‌కేజ్ ఎక్కడిది?

కొండపల్లి_డీఎం

బార్డ్ భయ్యా, నిజం, ఒకటో రెండో. మాకు ఆదివారం దొరికేదే మూడు గంటలు, ఇద్దరికి చిన్నపిల్లలు, ఒకరికి తెల్లారి ఆరింటికి షిఫ్టు. ఈ లెవెల్లో ఒక్క ఫైట్ గంటన్నర తింటుంది. ఆరు ఫైట్లు పెడితే గేమ్‌లో ఒక్క రోజు గడవడానికి నాకు నెలన్నర పడుతుంది.

ఓరుగల్లు_ఆర్క్

ఆరు నుంచి ఎనిమిది అని పుస్తకంల రాసుడు అల్కగనే ఉంటది. నేను జేసిన అన్నా, ఏడాది జేసిన. ఏమైందో తెల్సా, విజార్డ్ స్లాట్లు అయిపోకముందే ఫైటర్ హెచ్‌పీ (పానం పాయింట్లు) అయిపోయింది. ముందుకు పోయి దెబ్బలు తినేది ఆడే కదా. మూడో ఫైట్‌కే "రెస్ట్ తీస్కుందాం" అనేది ఫైటరే, విజార్డ్ గాదు. ఇగ రెస్ట్ అంటే టైనీ హట్ (మంత్రం గుడిసె) ఏస్తరు, రిచువల్ గాబట్టి స్లాట్ గూడ పోదు, ఎనిమిది గంటలు లోపల సల్లగ పండుకుంటరు. షార్ట్ రెస్ట్‌కైతే రోప్ ట్రిక్ (తాడెక్కి దాక్కునే మంత్రం).

15వ లెవెల్ విజార్డ్‌కి 18 స్లాట్లు. గవన్ని ఒడగొట్టాల్నంటే ముందు ఫైటర్‌ను సంపాలె.

బెజవాడ_బార్డ్

రెస్ట్ తీసుకున్నప్పుడు ప్రపంచం ఆగిపోకూడదు కదా. వాళ్ళు పడుకుంటే అవతల శత్రువు పూజ పూర్తి చేసేస్తాడు, బందీని చంపేస్తాడు. గ్రిటీ రియలిజం పెట్టుకో, అది కూడా డీఎం గైడ్‌లోదే, షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. నెలన్నర సమస్య కూడా పోతుంది, ఆరు ఫైట్లు ఒక వారంలో సర్దుకుంటాయి. మేం అలాగే ఆడుతున్నాం, విజార్డ్ ప్రతి స్లాట్ లెక్కపెట్టుకుంటున్నాడు.

మంత్రాలమర్రి

నేను పదేళ్ళుగా విజార్డే ఆడుతున్నా, మా వైపు మాట ఒకటి చెప్పనివ్వండి. ఒకటో లెవెల్లో నాకు డీ6 హెచ్‌పీ, రెండే రెండు స్లాట్లు. అవి అయిపోయాక ఫైర్ బోల్ట్ వేసుకుంటూ ఫైటర్ వెనక నక్కడమే. ఒక గోబ్లిన్ రెండు బాణాలేస్తే పడిపోయేదాన్ని. అప్పుడు ఫైటర్ నన్ను మోశాడు, నేనేం ఫిర్యాదు చెయ్యలేదు. ఓపిగ్గా ఇంతదూరం వచ్చాక నా వంతు వచ్చింది. ఇప్పుడు వారం రోజులు పడుకుంటే గానీ స్లాట్లు రావంటే ఎలా?

గోదారి_గోబ్లిన్

ఒకటి నుంచి నాలుగో లెవెల్ దాకా ఎన్నాళ్ళు ఆడారండీ? రెండు నెల్లు? మూడు? ఈ డీఎం గారి ఫైటర్ 11వ లెవెల్ నుంచి ఏడాది పైనే కూర్చునుంటాడు. మూడు నెల్ల అప్పుకి మూడేళ్ళ వడ్డీ వసూలు చేస్తారా ఏంటి.

సగంనిద్ర_సుబ్బు

పైగా మోసినవాడికీ మోయించుకున్నవాడికీ తేడా ఉంది. ఫైటర్ మోసినప్పుడు విజార్డ్ స్లీప్ వేసి ఒక్క దెబ్బకి ముగ్గురు గోబ్లిన్లని పడుకోబెట్టేది గుర్తుందా.

పాతపుస్తకం78

నేను 1984లో అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు మొదలుపెట్టాను, అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ మొదటి ఎడిషన్, ఆ 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అట్ట ఊడిపోయి ఇప్పటికీ నా అలమారలో ఉంది. మంత్రాలమర్రి చెప్పిన ఆ "ఓపిక పట్టాను, నా వంతు వచ్చింది" అన్న మాట ఆ రోజుల్లోంచి వచ్చిందే. కానీ అప్పుడు ఆ వంతు వచ్చాక కూడా మాంత్రికుడికి కళ్ళేలు చాలా ఉండేవి, అవి ఒక్కొక్కటే ఊడదీసేశారు. ఎవరూ పెద్దగా గమనించలేదు.

మంత్రం మొదలుపెట్టాక పూర్తయ్యేలోగా ఒక్క దెబ్బ తగిలితే చాలు, ఆ మంత్రం పోయినట్టే. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ లేదు, ఏమీ లేదు. అందుకని ఫైటర్ పక్కన లేకపోతే మాంత్రికుడు నోరు తెరవలేడు. మంత్రాలు మళ్ళీ గుర్తుపెట్టుకోవడానికి మంత్రం లెవెల్‌కి 15 నిమిషాల చొప్పున. ఈ డీఎం గారి విజార్డ్‌కి ఉన్న 18 స్లాట్లని ఆ లెక్కన నింపాలంటే 15 గంటల పైన పడుతుంది, పడుకున్న సమయం కాక.

అన్నిటికంటే పెద్దది సేవింగ్ త్రో. అప్పట్లో సేవ్ నంబరు ఫైటర్ లెవెల్ మీద ఆధారపడేది. ఎదుటివాడు ఎంత గొప్ప మాంత్రికుడన్నది లెక్కలోకే రాదు. పెద్ద లెవెల్ ఫైటర్ మీద ఏ మంత్రం వేసినా తట్టుకోవడమే ఎక్కువ. 2000లో మూడో ఎడిషన్ వచ్చి డీసీ (సేవ్ పాచికకి రావాల్సిన అంకె) అంటే 10, దానికి మంత్రం లెవెల్, దానికి మాంత్రికుడి తెలివి కలపమంది. ఆ ఒక్క వాక్యంతో ఫైటర్ కవచం ఊడిపోయింది.

ఇంకొకటి. తొమ్మిదో లెవెల్‌కి ఫైటర్ లార్డ్ అయ్యేవాడు. కోట కట్టుకుంటే సైన్యం వచ్చి చేరేది. రూల్స్‌లోనే ఉంది, డీఎం దయ కాదు. మాంత్రికుడికి టెలిపోర్ట్ వస్తే ఫైటర్‌కి రాజ్యం వచ్చేది. ఇప్పుడు ఫైటర్‌కి 11వ లెవెల్‌కి ఏం వస్తుంది? మూడో దెబ్బ.

గోదారి_గోబ్లిన్

"మాంత్రికుడికి టెలిపోర్ట్ వస్తే ఫైటర్‌కి రాజ్యం వచ్చేది"

ఇది నేను మా గ్రూప్‌లో పిన్ చేస్తున్నా.

డాలస్_డ్రూయిడ్

పాతపుస్తకం గారు చెప్పిన మూడో ఎడిషన్‌లో నేను డ్రూయిడ్ ఆడాను, మా టేబుల్‌లో ఫైటర్ కంటే నా ఎలుగుబంటి బాగా పోట్లాడేది. ఆ ఫైటర్ ఆడే అతను మధ్యలో మానేశాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఈ థ్రెడ్ చదవగానే ఆగలేకపోయాను.

నాలుగో ఎడిషన్ 2008లో దీన్ని మొత్తం పరిష్కరించేసింది, అందరికీ ఒకటే చట్రం, ఎప్పుడైనా వాడేవి, ఫైట్‌కి ఒకసారివి, రోజుకి ఒకసారివి. ఫైటర్ పక్కనుంచి ఎవడైనా కదిలితే ఆపేసేవాడు, నిజంగా గోడలా నిలబడేవాడు. నాకు నచ్చింది. చాలామందికి నచ్చలేదు, అందరూ ఒకేలా ఉన్నారన్నారు.

ఓరుగల్లు_ఆర్క్

నాలుగో ఎడిషన్ పేరు తీస్తివి, ఇగ ఈ థ్రెడ్ ముప్పై పేజీలు పోతది.

డాలస్_డ్రూయిడ్

పోనీలే అన్నా, నేను అక్కడ ఆగను. పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో గేమ్) రెండో ఎడిషన్ చూడండి, 2019. ఫైటర్ ఒకటో లెవెల్లోనే ఆయుధంలో ఎక్స్‌పర్ట్, 13కి లెజెండరీ. విజార్డ్ తన మంత్రాల్లో లెజెండరీ అయ్యేది 19కి. అంటే కొట్టడంలో ఫైటర్‌ని దాదాపు ఎవరూ అందుకోలేరు. టర్న్‌కి మూడు యాక్షన్లు, చాలా మంత్రాలు రెండు తినేస్తాయి. ఇక ఒక్క దెబ్బకి ఆట ముగించే మంత్రాలకి ఇన్‌కెపాసిటేషన్ అని ముద్ర ఉంటుంది, మంత్రం లెవెల్‌కి రెండింతలు దాటిన లెవెల్ ఉన్న శత్రువు మీద వేస్తే వాడి సేవ్ ఒక మెట్టు మెరుగవుతుంది. బాస్‌ని మొదటి టర్న్‌లో పడుకోబెట్టడం దాదాపు కుదరదు.

కొండపల్లి_డీఎం

డ్రూయిడ్ గారూ, నాలుగేళ్ళ క్యాంపెయిన్‌ని 15వ లెవెల్లో వేరే గేమ్‌లోకి మార్చడం నా వల్ల కాదండీ. తర్వాతి క్యాంపెయిన్‌కి తప్పకుండా చూస్తా. పాతపుస్తకం గారూ, ఆ కోట సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నల్లకోట_నైట్

ఇంతసేపూ చదివాను, ఫైటర్ ఆడేవాడిగా చెప్తున్నా. పన్నెండేళ్ళు ఫైటరే, వేరేది ఆడాలని నాకెప్పుడూ అనిపించలేదు. నాకు కత్తి పట్టుకున్న మనిషే ఇష్టం. ఒంట్లో మంత్రం లేని మనిషి డ్రాగన్ ఎదురుగా నిలబడ్డం, అదే నాకు కథ.

ఒకసారి ఏన్షియంట్ రెడ్ డ్రాగన్‌తో ఫైట్. దాని ఫ్రైట్‌ఫుల్ ప్రెజెన్స్‌కి (చూస్తేనే వణికించే శక్తి) విజ్‌డమ్ సేవ్, డీసీ 21. నా విజ్‌డమ్ 10, అంటే +0, ఫైటర్‌కి స్ట్రెంత్, కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లలోనే ప్రొఫిషియెన్సీ. 2014 రూల్స్‌లో సేవ్‌కి 20 పడితే ఆటోమేటిక్ పాస్ లేదు. అంటే నాకు 20 పడినా ఫెయిలే. ఇండామిటబుల్ వాడి మళ్ళీ వేసినా ఫెయిలే, ఎందుకంటే ఆ రోజుల్లో ఇండామిటబుల్ అంటే ఊరికే పాచిక మళ్ళీ వెయ్యడమే. భయపడినవాడు డ్రాగన్ దగ్గరికి వెళ్ళకూడదు, అటాక్‌లన్నీ డిసడ్వాంటేజ్ (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం). గంటన్నర ఫైట్‌లో ప్రతి టర్న్ చివరా పాచిక వేశాను, పాసయ్యే దారి లేదని తెలిసి కూడా వేశాను, టేబుల్‌లో అందరికీ తెలుసు. దూరంనుంచి జావెలిన్లు విసిరాను. ఒకటి తగిలింది.

కొండపల్లి గారూ, మీ ఫ్రెండ్‌కి కోపం వచ్చింది విజార్డ్ మీద కాదు, నాకు తెలుసు. పాచిక చేతిలో ఉన్నా ఏం పడితే ఏం అనిపించినప్పుడు వచ్చే బాధ అది. 27 పడి కూడా ఏం కాలేదు చూశారా, అది.

ఆ గ్రూప్‌లో దాన్ని మార్చింది మా క్లెరిక్. తర్వాతి డ్రాగన్ దగ్గరికి వెళ్ళేముందు హీరోస్ ఫీస్ట్ వేసింది, ఆరో లెవెల్ స్లాట్, వెయ్యి బంగారు నాణేల గిన్నె ఖర్చు. గంటసేపు అందరం కూర్చుని తిన్నాం, ఆవిడ గేమ్‌లో ఒక్కొక్కరికీ ఏం వడ్డించిందో చెప్పింది, నాకు ముద్దపప్పు ఆవకాయ నెయ్యి అంది. ఒక రోజంతా భయం అంటదు, విజ్‌డమ్ సేవ్‌లకి అడ్వాంటేజ్ (రెండు పాచికల్లో ఎక్కువది). నేను నేరుగా వెళ్ళి ఆ డ్రాగన్ ముక్కు మీద నిలబడ్డాను. ఆ రోజు నేను వేసిన ప్రతి దెబ్బలో ఆవిడకీ భాగం ఉంది.

సగంనిద్ర_సుబ్బు

ముద్దపప్పు ఆవకాయ తిన్నవాడికి డ్రాగన్ ఏం భయం. రాత్రి పదకొండున్నరకి ఆకలేయించారు కదండీ.

మంత్రాలమర్రి

నైట్ గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. మా ఫైటర్ కూడా ఇలా కూర్చున్న రోజులు ఉండే ఉంటాయి, నేను నా మంత్రాల లిస్టు చూసుకుంటూ గమనించి ఉండను.

కానీ ఒకటి, నేను ఫైటర్ మీద హేస్ట్ (వేగం పెంచే మంత్రం) వేస్తే నా కాన్సంట్రేషన్ దానికే పోతుంది, ఇంకో పెద్ద మంత్రం వెయ్యలేను, మధ్యలో నాకు దెబ్బ తగిలి అది పోతే ఫైటర్ ఒక టర్న్ మొత్తం కదల్లేడు. ఒకసారి అలా జరిగి అతను పడిపోయాడు. అప్పట్నుంచి భయమేసి మానేశాను. సాయం చెయ్యాలని లేక కాదు.

లెక్కలపంతులు

నైట్ చెప్పినదాంతో నేను మొదట వేసిన లెక్క తప్పు చోట వేశానని అర్థమైంది. లెక్క వెయ్యాల్సింది సేవ్‌ల దగ్గర. పాతపుస్తకం గారు చెప్పిందీ అదే.

2024 రూల్స్‌లో రెండు మార్పులు మీకు సరిగ్గా సరిపోతాయి, క్యాంపెయిన్ మార్చక్కర్లేదు, ఈ రెండే తెచ్చుకోండి. ఇండామిటబుల్ వాడితే మళ్ళీ వేసే పాచికకి ఫైటర్ లెవెల్ కలుస్తుంది. మీవాడికి +15, రోజుకి రెండుసార్లు. నైట్ గారి డ్రాగన్ డీసీ 21కి +0 ఉన్నవాడు కూడా 6 పడితే పాస్. రెండోది ఫోర్స్‌కేజ్. 2024లో దానికి కాన్సంట్రేషన్ పెట్టారు, 1,500 బంగారు నాణేల కెంపుపొడి ప్రతిసారీ ఖర్చయిపోతుంది. 2014లో ఆ పొడి ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండేది. అంటే గోడ ఉంటుంది, కానీ ఇంకో పెద్ద మంత్రం ఉండదు, ఎవడైనా విజార్డ్‌ని కొట్టి గోడ పడగొట్టొచ్చు.

బెజవాడ_బార్డ్

కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్ళ మంత్రాన్ని ఆపేసేది) ఉన్న శత్రువుని పెట్టినా చాలు కదా, 60 అడుగుల్లో ఉంటే.

గోదారి_గోబ్లిన్

అప్పుడు విజార్డ్ కూడా ఉత్తినే కూర్చుంటుంది. ఒకళ్ళు ఖాళీగా కూర్చుంటే బాధని ఇద్దరు ఖాళీగా కూర్చుంటే పోదండీ. యాంటీమ్యాజిక్ ఫీల్డ్ (మంత్రాలు పనిచెయ్యని చోటు) కూడా అంతే, ఒకసారైతే మజా, ప్రతివారం అయితే ఆవిడ మానేస్తుంది.

ఓరుగల్లు_ఆర్క్

గోబ్లిన్ మాట వంద శాతం. నేను గా తప్పు జేసిన. ప్రతి గుహల యాంటీమ్యాజిక్ పెట్టిన. విజార్డ్ ఆడే పోరడు ఫోన్ సూస్కుంట కూసున్నడు. ఆఖరికి నేనే సారీ చెప్పిన.

ఇంకో ముచ్చట. డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే ఇంకో గేమ్‌ల వారియర్ అటాక్ ఏస్తున్నప్పుడు "వాని కాలు మీద కొడ్త, కింద పడేస్త" అని చెప్పి ఇంకో పాచిక ఏస్తడు, దాని మీద 3 గని అంతకన్న ఎక్కువ గని పడి, దెబ్బ తగిల్తే, గది అయితది. కళ్ళల్ల ఇసుక కొట్టుడు, షాండ్లియర్ తాడు కోసుడు, ఏదన్న సరే. నేను గది తెచ్చి మా ఐదో ఎడిషన్ గేమ్‌ల పెట్టిన, ఫైటర్‌కు ఒక్కనికే. ఆడు ఇప్పుడు టర్న్ వచ్చేదాక ఏం జేద్దమా అని ఆలోచిస్తుండు. ముందు ఊకె "కొడ్త, కొడ్త, కొడ్త" అంటుండె.

పాతపుస్తకం78

కొండపల్లి గారూ, కోట ఇవ్వండి. ఇప్పుడే ఇవ్వండి. మీ డెత్ నైట్ బతికే ఉన్నాడు కదా, ఆ పెట్టె గంటే కదా ఉండేది.

కొండపల్లి_డీఎం

బతికే ఉన్నాడు. గంట తర్వాత బయటికొచ్చాడు, కిరీటం లేదు, కోపం ఉంది. అయ్యో, మీరు చెప్తుంటే నాకు ఇప్పుడే వెలిగింది. ఈ వారం విజార్డ్ ఆడే ఆవిడతో ఫోన్‌లో మాట్లాడతా. చెప్తాను ఏం జరిగిందో.

కొండపల్లి_డీఎం

మూడు వారాలైంది, రెండు సెషన్లు ఆడాం, రాత్రి రెండో సెషన్ ఇప్పుడే అయ్యింది, నిద్ర రావడం లేదు కాబట్టి మొత్తం రాస్తున్నా.

విజార్డ్‌కి ఫోన్ చేస్తే నేను సగం చెప్పకముందే ఆవిడే అంది, "ఆ రోజు అతను గోడ ముందు నిలబడ్డప్పుడే నాకు తప్పు చేశాననిపించింది, కానీ మంత్రం వేసేశాక ఏం చెయ్యను" అని. ఫోర్స్‌కేజ్‌కి 2024 రూల్ పెట్టుకుందామని ఆవిడే అడిగింది. ఇండామిటబుల్ కూడా మార్చాం. ఫైటర్‌కి సరిహద్దులో శిథిలమైన కోట ఒకటి రాజుగారు రాసిచ్చారు, 120 మంది బంట్లు, వాళ్ళకి పేర్లు వాడే పెట్టుకున్నాడు, పదహారు మందికి పెట్టాక నేనే ఆపమన్నా. మొదటి సెషన్ మొత్తం కోట బాగుచెయ్యడమే. నూనె గుండిగలు ఎక్కడ పెట్టాలి, ఏ బురుజులో ఎంతమంది. మూడు గంటలూ వాడే మాట్లాడాడు, మిగతా నలుగురూ వాడి మాట విన్నారు. ఎన్నాళ్ళైందో అలా జరిగి.

రాత్రి డెత్ నైట్ దండెత్తి వచ్చాడు, కిరీటం కోసం. వెనకాల చచ్చినవాళ్ళ సైన్యం. కోట తలుపు విరిగింది. డెత్ నైట్ లోపలికొచ్చాడు, వెనక సైన్యం రాబోతోంది. అప్పుడు మా విజార్డ్ వాల్ ఆఫ్ ఫోర్స్ (ఛేదించలేని గోడ మంత్రం, కాన్సంట్రేషన్ కావాలి) వేసింది, డెత్ నైట్ మీద కాదు, వాడి వెనక, తలుపు అడ్డంగా. సైన్యం బయట, వాడు లోపల, మావాడి ఎదురుగా. "నీ పని నువ్వు చూసుకో, వీళ్ళని నేను ఆపుతా" అంది. ఆ మాట ఆవిడ క్యారెక్టర్ గొంతుతో అనలేదు, తన గొంతుతోనే అంది.

లోపలికి దూరిన విలుకాళ్ళు కొందరు ఆవిణ్ణే కొడుతున్నారు. ప్రతి బాణానికీ కాన్సంట్రేషన్ సేవ్, డీసీ 10, నాలుగుసార్లు వేసింది, ఒకటి సరిగ్గా 10. ఆ గోడ పోతే సైన్యం లోపలికొస్తుంది. క్లెరిక్ ఆవిడ పక్కనుంచి కదల్లేదు. మంత్రాలమర్రి గారూ, మీరు హేస్ట్ గురించి చెప్పిన భయం నాకు అప్పుడు బాగా అర్థమైంది, కానీ ఆవిడ ఒప్పుకుని ఆ భయం మోసింది.

మావాడు ట్రిప్ అటాక్ (కింద పడేసే దెబ్బ) వేశాడు. డెత్ నైట్ మ్యాజిక్ రెసిస్టెన్స్ మంత్రాలకే గానీ ఇలాంటి మాన్యూవర్‌కి (యుద్ధపు ఎత్తుకి) పనిచెయ్యదు కదా, డీసీ 18, వాడికి 9 పడింది, +5 కలిపినా 14, కింద పడ్డాడు. యాక్షన్ సర్జ్, మిగతా ఐదు దెబ్బలూ అడ్వాంటేజ్‌తో. తర్వాతి టర్న్ డెత్ నైట్ లేచి బ్యానిష్‌మెంట్ (వేరే లోకానికి పంపేసే మంత్రం) వేశాడు మావాడి మీద. కరిస్మా సేవ్, డీసీ 18, మావాడికి +0, పాచిక 4. అందరం ఊపిరి బిగబట్టాం. "ఇండామిటబుల్" అన్నాడు. మళ్ళీ వేస్తే 6. 6 ప్లస్ 15. ఇరవయ్యొకటి.

వాడు ఏమీ అనలేదు కాసేపు. తర్వాత "నేను ఎక్కడికీ పోను" అన్నాడు.

ఇంకో రెండు రౌండ్లు పట్టింది, ఆఖరి దెబ్బ వాడిదే. వచ్చేవారం రాకపోయినా పర్లేదు కదా అన్నవాడు ఇందాకే మెసేజ్ పెట్టాడు, ఈ శనివారం కూడా పెట్టుకుందామా అని.

నల్లకోట_నైట్

"నేను ఎక్కడికీ పోను." కళ్ళలో నీళ్ళొచ్చాయి గురూ.

పాతపుస్తకం78

పదహారు మంది బంట్ల పేర్లు పెట్టండి ఇక్కడ, చదువుతాం.

బెజవాడ_బార్డ్

సూపర్ భయ్యా. కానీ 17వ లెవెల్‌కి విష్ (కోరిక తీర్చే మంత్రం) వస్తుంది, అప్పుడు మళ్ళీ ఇదే పంచాయితీ. ఇప్పట్నుంచే ఆలోచించు. సిమ్యులాక్రమ్ అయితే 13 నుంచే ఉంది, విజార్డ్ తన నకలు తనే చేసుకుంటే టేబుల్ మీద ఇద్దరు విజార్డ్‌లు.

మంత్రాలమర్రి

దానికి నా దగ్గర ఒకటుంది. సిమ్యులాక్రమ్‌కి తిరిగి స్లాట్లు రావు, వాడేస్తే అంతే. అందుకని విజార్డ్ నకలు రోజులు గడిచేకొద్దీ ఖాళీ అయిపోతుంది. ఫైటర్‌కి స్లాట్లే లేవు. కాబట్టి నకలు తీయాల్సింది ఫైటర్‌ది. హెచ్‌పీ సగమే ఉంటుంది, అయినా టర్న్‌కి మూడు దెబ్బలు ఎక్కడికీ పోవు. మీ విజార్డ్‌కి చెప్పండి, తనకి తను చేసుకోవద్దని.

కొండపల్లి_డీఎం

ఇది నేను నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. 12 గంటలు పడుతుంది కదా ఆ మంత్రం, అంతసేపూ ఫైటర్ పక్కనే ఉండాలి. మంచు కూడా కావాలి. కోట ఉత్తరం వైపు కొండ మీద ఉంది, మంచుకి కొదవ లేదు.

లెక్కలపంతులు

నకలుకి ఆయుధాలూ కవచమూ రావు, ఒట్టి మనిషే వస్తాడు. ఇంకో గ్రేట్‌స్వోర్డ్, ఇంకో ప్లేట్ కవచం, ప్లేట్ ఒక్కటే 1,500 బంగారు నాణేలు, కెంపుపొడికి ఇంకో 1,500. ముందే కూడబెట్టుకోమనండి.

కొండపల్లి_డీఎం

డెత్ నైట్ కవచం ఉంది కదండీ.